గౌను, గంట, గాజుగ్లాసు

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో, జవాబు పత్రాల కట్టలు పేర్చే గది వెనక కిటికీ లేని చిన్న కొట్టొకటి ఉండేది, అందులో పెద్ద పెద్ద ఇనప సందూకులు, వాటి నిండా స్నాతకోత్సవం గౌన్లు. నాన్నది మార్కుల రిజిస్టర్ల ఉద్యోగమే అయినా కాన్వొకేషన్ దగ్గర పడ్డ రోజుల్లో ఆ కొట్టు తాళంచెవి ఆయన చేతికొచ్చేది, దాన్ని జంధ్యానికి ముడేసుకుని అడిక్‌మెట్‌లో మా ఇంటికి తెచ్చుకునేవాడు, స్నానం చేసేటప్పుడు కూడా అది అక్కడే వేలాడేది. సెలవునాడు నన్ను వెంట తీసుకుపోతే, సందూకు మూత లేవగానే ముందు కలరా ఉండల వాసన గుప్పుమనేది, దాని వెనకాలే కిందటేడు వానకు తడిసి సరిగ్గా ఆరని నల్లగుడ్డ వాసన, మెడపట్టీల దగ్గర ఎవరెవరో వదిలిపోయిన కొబ్బరినూనె, పౌడరు, చెమట. చాకలాయన వరండాలో బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేసుకుని ఒక్కొక్క గౌనునూ లోపలివైపు తిరగేసి రుద్దుతుంటే, నాన్న రంగురంగుల పట్టు అంచుల హుడ్లను చాప మీద శాఖల వారీగా పరిచి, చిరిగినవాటిని పక్కకు తీసి, పాత నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆయనకు డిగ్రీ లేదు. ఎవరూ లేరు కదా, ఒకసారి తొడుక్కుని చూడు నాన్నా అని నేనంటే, మాట్లాడకుండా మూత వేశాడు.

ఆ గౌను ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. పన్నెండు, పదమూడో శతాబ్దాల్లో పారిస్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నవాళ్లు చర్చి నీడన బతికినవాళ్లే, చలికీ హోదాకీ కలిపి వాళ్లు తొడుక్కున్న పొడుగాటి అంగీయే తిరిగి తిరిగి మా సందూకులోకి చేరింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో 1871లో చట్టం మారేదాకా ఇంగ్లండు చర్చికి చెందనివాళ్లకు పై డిగ్రీలూ ఫెలోషిప్పులూ అందలేదు. అది జరిగి యాభై ఏళ్లు నిండకముందే, 1918లో, ఇక్కడ ఒక ముస్లిం రాజు, నిజాం, ఉర్దూ మాధ్యమంగా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పాడు. దాని అనువాద విభాగం దారుల్ తర్జుమాలో మౌల్వీ అబ్దుల్ హక్ వంటి పండితులూ, జోష్ మలీహాబాదీ వంటి కవులూ కూర్చుని యూరప్ చరిత్రనూ తత్వశాస్త్రాన్నీ ఉర్దూలోకి దింపుకున్నారు. ముస్లిం విద్యార్థులకు దీనియాత్ తరగతి, తక్కినవాళ్లకు అఖ్లాఖియాత్ తరగతి అని, మతపాఠం ఒక గదిలో, నీతిపాఠం ఇంకో గదిలో నడిపారు. ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరుగా ఉన్న ఈ అడిక్‌మెట్ నేల మీద, బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన ఆర్ట్స్ కాలేజీ 1939 డిసెంబరులో తలుపులు తెరిచింది. ఇంత చేసీ, అన్నిటినీ తర్జుమా చేసుకున్న ఆ పెద్దలు గౌనును మాత్రం ఉన్నదున్నట్టే తొడుక్కున్నారు. అందులో దేవుడి వాసన అప్పటికే పోయింది కాబోలు, అత్తరు ఆరిపోయిన సీసాను ఎవరైనా ఎందుకైనా వాడుకున్నట్టు వాడుకున్నారు.

ఇప్పుడు చాలాచోట్ల గౌన్లు పోయి చేనేత కండువాలు వచ్చాయి, పరాయి ముద్ర వదిలిందన్నారు, మంచిదే, ఎండాకాలంలో ఆ నల్లగుడ్డ కింద ఉడికినవాళ్లకు తెలుసు. పట్టా తీసుకోవడానికి ఒక్కొక్కరుగా వేదిక ఎక్కి, పేరు పిలిపించుకుని, ఒక పెద్దాయన ముందు తలవంచడం మాత్రం పోలేదు. గుడ్డ మారింది, ఆ వరస మారలేదు.

ఎం.ఏ.లో చేరాక క్యాంపస్‌లో నాకు ఎక్కువ పొద్దుపోయిన చోటు అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్. 1964లో పెట్టారు దాన్ని. మన దేశంలో అమెరికా గురించి అన్ని పుస్తకాలు మరోచోట లేవనేవారు, కేరళ నుంచీ అస్సాం నుంచీ పరిశోధకులు పెట్టేబేడాతో దిగి రోజంతా నోట్సు రాసుకుంటూ కూర్చునేవారు. డబ్బెక్కడిదంటే, పీఎల్-480 కింద అమెరికా నుంచి వచ్చిన గోధుమలకు మన సర్కారు రూపాయల్లో కట్టిన మొత్తంలోంచి అని సీనియర్లు చెప్పి నవ్వేవారు. మాకూ నవ్వొచ్చేది, ఎందుకంటే మేమంతా బడిలో ఆ దేశపు పాలపొడి పాలు తాగినవాళ్లమే, అడుగంటిన ఆ పాల వాసన, డేగిసా గోడలకు పట్టిన పచ్చటి ఉప్మా చెక్కు, అల్యూమినియం గ్లాసు అంచు నాలుకకు తగిలే చల్లదనం ఇంకా మర్చిపోలేదు. సెంటర్‌లో కొయ్య సొరుగు లాగితే ఇత్తడి కడ్డీకి గుచ్చిన కార్డులు, మూలలు మాసి మెత్తబడినవి, కొన్నిటి మీద టైపు అక్షరం పక్కన పెన్సిలుతో దిద్దినవి, వేలితో ఒక్కొక్కటే వెనక్కి తోసుకుంటూ పోతే వెతుకుతున్న పుస్తకం కన్నా దాని పక్క పుస్తకం దొరికేది. సెంటర్ పేరూ రూపూ తర్వాత మారాయి, కార్డుల సొరుగులు ఏ గోదాముకు పోయాయో. తెరమీద రెండు క్షణాల్లో కావలసిందే దొరికే ఈ కాలంలో, పక్క పుస్తకం దొరకదని బాధపడేవాళ్లుంటారు. నాకు అంత బాధ లేదు, ఆ సొరుగుల ముందు నిలబడే అవకాశం ఎంతమందికి ఉండేదో కూడా గుర్తుంది కనక.

క్యాంటీన్‌లో మేం నేర్చుకున్న పాఠం ఒకటుంది. వ్యక్తి స్వేచ్ఛ, అందరూ సమానమనే మాట, రాజ్యానికీ మతానికీ మధ్య గోడ, ఇవన్నీ పడమటి దేశాలు మతాన్ని ఓడించి గెలుచుకున్నవని. సొరుగుల్లో దొరికిన పుస్తకాలు వేరే కథ చెప్పేవి. 1802 జనవరి 1న జెఫర్సన్ ఆ గోడ మాట రాసింది కనెటికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టుల ఉత్తరానికి జవాబుగా. అక్కడ సర్కారు అండ ఉన్న చర్చి వేరొకటి, వీళ్లు అల్పసంఖ్యాకులు, మా భక్తిలో ప్రభుత్వం వేలు పెట్టకూడదని మొరపెట్టుకున్నది నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చే పరమభక్తులు. అంతకు నూటయాభై ఏళ్లకు పైగా ముందే రోజర్ విలియమ్స్ అలాంటి గోడను తలచుకున్నాడంటే, చర్చి అనే తోటలోకి లోకమనే అడవి చొరబడకుండా కాపాడుకోవడానికే. గోడ కట్టమన్నది తోటమాలి. ఇది చదివిన సాయంత్రం క్యాంటీన్‌లో చెబితే ఎవరూ పట్టించుకోలేదు, సమోసాలు వేడిగా వచ్చాయి.

ఆ బాప్టిస్టుల దాయాదులే మన దగ్గరికీ వచ్చారు. శామ్యూల్ డే 1836లో తెలుగు తీరానికి చేరి, 1840లో నెల్లూరులో కుదురుకున్నాడు. 1866లో ఒంగోలు వెళ్లిన క్లౌ దొర దగ్గరికి తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య తనంతట తానే నడిచొచ్చాడు, ఆయన వెనక ఆయన జనం వచ్చారు, మాదిగలు వస్తే మా పిల్లలను బడి మాన్పిస్తామని పై కులాలవాళ్లు తప్పుకున్నారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని క్లౌ దొర వేలమందికి కూలి చూపించాడు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి కోసమని కొందరన్నారు, ఆత్మ కోసమని కొందరన్నారు, కాలువ తవ్వి గట్టెక్కిన మనిషి తన పేరు రాసుకునే పుస్తకంలో తన పేరు ఇంకొకరి పేరు కింద కాక పక్కన పడిందని మాత్రం చూసుకునే ఉంటాడు. అయితే అదే అమెరికాలో ఆ బాప్టిస్టులే 1845లో రెండుగా చీలారు, బానిసలను ఉంచుకున్నవాడు మిషనరీగా పోవచ్చా అన్న తగువు మీద. పోవచ్చన్న దక్షిణాదివాళ్ల చేతుల్లోనూ అదే బైబిల్ ఉంది. కాబట్టి ఒక గ్రంథం నుంచి ఒక విలువ తిన్నగా కారిందని చెప్పేవాళ్లను నేను నమ్మలేను. గ్రంథం ఉంటుంది, దాన్ని పట్టుకుని తగువాడేవాళ్లు ఉంటారు, తగువులో ఎవరో గెలుస్తారు, గెలిచాక అది ముందు నుంచీ అందులో ఉన్నదేనంటారు.

ఇది పుస్తకాల సంగతి. మా గల్లీ సంగతి వేరు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల కోరంటి దవాఖానా నర్సమ్మ ఒకావిడ ఉండేది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు మలేరియా గుట్టు సికింద్రాబాద్‌లో విప్పిన రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు గానీ జనం నోట అది ఎప్పుడూ కోరంటే. ఆవిడది మెదక్ వైపు ఊరు, మెదక్ చర్చి కట్టేటప్పుడు వాళ్ల నాయనమ్మ కరువు కూలికి రాళ్లు మోసిందట, తండ్రి మిషన్ బడిలో పంతులు. రాత్రి డ్యూటీకి పోయే ముందు వాకిట్లో తీగ మీద ఆరేసిన తెల్లటోపీ తీసుకుని, గంజి పెట్టిన ఆ గుడ్డను మోకాలి మీద వేళ్లతో మడత వేసి, పిన్నులు పళ్ల మధ్య పట్టుకుని, అద్దం లేకుండానే తల మీద నిలబెట్టుకునేది. ఆవిడ నడిచిపోతే డెట్టాలూ, గంజీ, మల్లెపూలూ కలిసిన వాసన గల్లీ మలుపు దాకా ఉండేది.

నాయనమ్మకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పొద్దునా సాయంత్రం ఆవిడే వచ్చి ఇంజెక్షన్ ఇచ్చేది, స్టవ్ మీద గిన్నెలో సూది మరుగుతుంటే ఆ ఆవిరి వాసనకే నాకు కళ్లు తిరిగేవి. పెరటి గుమ్మం పక్కన గూట్లో ఒక గాజుగ్లాసు ఉండేది, అది ఆవిడది. ఆవిడదని ఎవరూ చెప్పలేదు, ఆవిడే పోయి తీసుకునేది, పంపు కింద కడిగి పట్టుకుంటే అమ్మ చాయ్ గిన్నెను ఎత్తి తగలకుండా పోసేది, తాగాక మళ్లీ తనే కడిగి, గూట్లో బోర్లించి, చీర చెంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయేది. అంతా ఎంత మామూలుగా జరిగేదంటే అందులో చూడవలసింది ఉందని నాకు చాలా ఏళ్ల దాకా తట్టలేదు. ఒళ్లు తెలియని జ్వరంలో నాయనమ్మ వాంతులు పట్టిన చేతులు అవి, పక్కబట్టలు మార్చిన చేతులు అవి, తొడల మీద పుండ్లు పడకుండా పొడి అద్దిన చేతులు అవి. జ్వరం తగ్గాక నాయనమ్మ తలంటు పోసుకుని, మడి కట్టుకుని, దేవుడి గదిలోకి పోయింది. కానీ సాయంత్రం అయితే గుమ్మంలో కూర్చుని ఆ నర్సమ్మ కోసం చూసేది, వస్తే తన కాళ్ల నొప్పులూ కోడళ్ల సంగతులూ చెప్పుకునేది, ఆవిడ గడప అవతల మెట్టు మీద కూర్చుని వినేది. ఆ ఆప్యాయత అబద్ధం కాదు, ఆ గడపా అబద్ధం కాదు.

ఆ టోపీ ఇప్పుడు దవాఖానాల్లో కనిపించదు, జీన్సు మీద నీలి కోటు వేసుకున్న పిల్లలే కనిపిస్తారు. దాని వెనక కథ చూస్తే, జర్మనీలో కైజర్స్‌వెర్త్ అనే ఊళ్లో 1836లో ఒక పాస్టరు భక్తురాళ్లకు రోగుల సేవ నేర్పడానికి పెట్టిన సంస్థలో 1851లో ఫ్లోరెన్స్ నైటింగేల్ శిక్షణ పొందింది. సన్యాసినుల మేలిముసుగు చిన్నదై చిన్నదై నర్సు టోపీ అయింది. ఇంకా వెనక్కి పోతే, నాలుగో శతాబ్దంలో కైసరియా బిషప్పు బాసిల్ ఊరి బయట పేదలకూ కుష్ఠురోగులకూ కట్టించిన ఆశ్రయం ఉంది. ఇక్కడితోనే ఆసుపత్రి పుట్టిందంటే బాగ్దాద్ బీమారిస్తాన్‌లు ఒప్పుకోవు, మనుషులకూ పశువులకూ వైద్యం చేయించానని చెక్కించిన అశోకుడి శాసనాలూ ఒప్పుకోవు. మన దగ్గర మాత్రం, పరాయి ఒంటి మలమూత్రాలు ముట్టడం పై కులాల ఆడవాళ్లకు చేయరాని పనిగా ఉన్న రోజుల్లో, ఆ తెల్లటోపీ కింద ఎక్కువగా కనిపించింది మిషన్ బడుల్లో చదివిన క్రైస్తవ అమ్మాయిలే. ఎవరి ఒళ్లయినా ఒళ్లేనన్న మాటను మేం రాజ్యాంగంలో చదవకముందే వాళ్లు చేతులతో చేసి చూపించారు, దాన్ని మేం విలువ అనుకోలేదు, డ్యూటీ అనుకున్నాం.

నర్సమ్మకు రెండు పేర్లు ఉండేవి. చర్చిలో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో వాళ్లను తర్వాత బీసీ-సీ కింద వేశారు. మతాన్ని చూడనని చెప్పుకునే రాజ్యం ఆమె పుట్టుకను ఆమె ప్రార్థనతో కొలిచింది. చర్చి మాత్రం తక్కువ తిన్నదా అంటే, రెడ్డి క్రైస్తవుల సంబంధాలు వేరు, మాల మాదిగల సంబంధాలు వేరు, అక్కడ గాజుగ్లాసు కనిపించని రూపంలో ఉండేది. ఇవన్నీ చూసినవాడే కవి జాషువ, పుట్టుకతో క్రైస్తవుడు, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిపెట్టింది క్రీస్తు చరిత్రే అయినా, అంతకు ముందు తన గబ్బిలాన్ని మాత్రం కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపాడు. మా గాజుగ్లాసు ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదు. నాయనమ్మ పోయాక పోయింది, ఇంట్లోకి స్టీలు గ్లాసుల సెట్టు వచ్చాక పోయింది, ఎవరూ తీర్మానం చేయలేదు, ఎవరూ క్షమాపణ అడగలేదు. నర్సమ్మ ఒకరోజు వంటింటి గట్టు మీది గ్లాసులో తాగి, అలవాటుగా తనే కడగబోతే, అమ్మ ఆవిడ చేతిలోంచి లాక్కుంది. అంతే జరిగింది.

నేను యూనివర్సిటీలో ఉన్న రోజుల్లో మా సీనియర్లు గోడల మీద రాసిన పేరు జార్జ్ రెడ్డి. ఫిజిక్స్‌లో గోల్డ్ మెడలిస్టు, 1972 ఏప్రిల్ 14న క్యాంపస్‌లోనే హత్య అయ్యాడు. తల్లి వైపు కేరళ క్రైస్తవం, తండ్రి వైపు చిత్తూరు రెడ్లు, తాను నమ్మింది విప్లవం. ఏటా ఆ రోజున ఆయన ఫొటోకు దండ వేసి, పిడికిళ్లు ఎత్తి, అన్యాయం అంతమయ్యే రోజు ఒకటి తప్పక వస్తుందని మాట్లాడేవారు. ఆ సభల్లో వెనక వరసలో కూర్చున్న నాకు, అమరుల రోజులూ, చావు వృథా పోదన్న నమ్మకమూ, చివరివాళ్లు మొదటివాళ్లయ్యే తీర్పూ అంతకు ముందెక్కడో విన్నట్టు అనిపించేది, నర్సమ్మ వాళ్ల చర్చి మైకులోంచి ఆదివారం పొద్దున వినిపించేవే కాబోలు. కామ్రేడ్లతో ఈ మాట అనే ధైర్యం ఎవరికి? చరిత్ర రచయిత టామ్ హాలండ్ 2019లో ‘డొమీనియన్’ రాసి, పడమటివాళ్లు చర్చిని తిట్టే తిట్లు కూడా చర్చి నేర్పినవేనని వాదించాడు. వాదం బాగుంది, కొంచెం ఎక్కువే బాగుంది. 1864లో పోప్ తొమ్మిదో పయస్, రాజ్యాన్నీ చర్చినీ విడదీయాలనే మాటను తప్పుల పట్టికలోనే ఎక్కించాడు, మత స్వేచ్ఛ మనిషి హక్కని కాథలిక్ చర్చి అధికారికంగా ఒప్పుకునేసరికి 1965 డిసెంబరు అయింది, అప్పటికి మన రాజ్యాంగానికి పదిహేనేళ్లు. ఇంట్లో పెరిగిన పిల్ల ఇంట్లోవాళ్లతో పోట్లాడి బయటపడితే, పెంచింది మేమేగా అని ఇల్లూ అంటుంది, నా కాళ్ల మీద నేను వచ్చానని పిల్లా అంటుంది, ఇద్దరి మాటా వినాలి.

పొద్దున్నే మమ్మల్ని లేపింది మాత్రం ఏ సిద్ధాంతమూ కాదు, లాలాగూడ వర్క్‌షాపు సైరన్. నిజాం రైల్వే 1893లో పెట్టిన ఆ వర్క్‌షాపు కూత గాలి వాటం బాగుంటే తార్నాక దాటి అడిక్‌మెట్ దాకా వచ్చేది, అది విని అమ్మ కుంపటి వెలిగించేది, నాన్న గడియారం సరిచేసుకునేవాడు. రోజును గంటలుగా కోసి, ఈ గంటకు ఈ పని అని మనుషులను కట్టేసింది ముందుగా ఆరో శతాబ్దపు బెనెడిక్ట్ సన్యాసుల ప్రార్థన వేళలేననీ, పొగ యంత్రం కన్నా ముందు మఠం గంటే యంత్రయుగాన్ని మోగించిందనీ ల్యూయిస్ మమ్‌ఫర్డ్ 1934లో రాశాడు. మెట్టుగూడ, లాలాగూడ క్వార్టర్లలో ఆ సైరన్‌కు లేచే ఆంగ్లో ఇండియన్లు ఉండేవారు, డ్రైవర్లు, ఫిట్టర్లు, గార్డులు. క్రిస్మస్‌కు వాళ్లిళ్లలో గులాబీ పువ్వులు వండేవారు, పువ్వు అచ్చును మరిగే నూనెలో ముంచి పిండిలో ముంచి మళ్లీ నూనెలో విదిలించడం మా ఇంట్లో సంక్రాంతికి చేసినట్టే ఉండేది, వాళ్లది కోడిగుడ్డు వేసిన పిండి కావడంతో మేం వాసన చూసి వదిలేయవలసి వచ్చేది. డిసెంబరు 31 రాత్రి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు, ప్రహరీ గోడ ఎక్కి చూసే మా బోటి పిల్లలను వాచ్‌మన్ తరిమేవాడు. మమ్మల్ని లోపలికి రానివ్వని ఆ గోడ గురించి నాకు బెంగ లేదు, ఆ ఇళ్ల నుంచి వచ్చే పియానో గురించి ఉంది. ఒక్కొక్కరే ఆస్ట్రేలియాకు పోయారు, అసెంబ్లీలో వాళ్లకుండే నామినేటెడ్ సీటు కూడా 2020 జనవరిలో పోయింది.

వాళ్ల న్యూ ఇయర్ మాత్రం పోలేదు, మనది అయిపోయింది. జనవరి 1న వాకిట్లో హ్యాపీ న్యూ ఇయర్ అని రంగులతో ముగ్గు, గుళ్లలో పూలతోరణాలు, దర్శనానికి క్యూ, ఉగాది కదా మన కొత్త సంవత్సరం అని పండితులు టీవీలో కోప్పడటం. వాళ్ల కోపం సగమే నిజం, ఎందుకంటే జనవరి 1 క్రైస్తవులదీ కాదు, జూలియస్ సీజర్ నాటి రోమన్లది, ఇంగ్లండు 1752 దాకా మార్చి 25ననే కొత్త సంవత్సరం లెక్కపెట్టుకుంది. ఎవరిదని అడుగుతూ పోతే ఎవరి గుమ్మం దగ్గరా ఆగలేం.

మా పక్కింట్లో ఉండే మున్షీ సాబ్ ఈ లెక్కలన్నీ నాకన్నా ముందే చూసినవాడు. నిజాం సర్కారు రెవెన్యూలో పనిచేసి, తర్వాత ఆంధ్రప్రదేశ్ సర్కారులో రిటైరయ్యాడు. సందూకులో ఫస్లీ తేదీలు వేసిన ఉర్దూ కాగితాలు, ఆజర్, దై, బహమన్ అని నెలల పేర్లు, ఎండిన వేపాకు వాసన, మడతల దగ్గర పట్టుకుంటే విరిగిపోయే కాగితం. ఆయన యవ్వనంలో వారపు సెలవు శుక్రవారం. తలంటు, ఇస్త్రీ షేర్వానీ, జుమా నమాజు, ఇంటికొచ్చి మాంసం కూర, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం పిల్లలతో బాగె ఆమ్. 1948 పోలీసు చర్య తర్వాత ఆఫీసుల్లో ఇంగ్లీషు తేదీలొచ్చాయి, యూనివర్సిటీలో ఉర్దూ మాధ్యమం పోయింది, శుక్రవారం పోయి ఆదివారం వచ్చింది. రజాకార్ల రోజులు చూసిన మా నాన్నకు అది పెద్ద విషయంగా కనిపించలేదు, రాజు మారాడు, వారం మారింది, మతం లేని సర్కారు వచ్చింది కనక అందరికీ ఒకటే సెలవు అనుకున్నాడు. మున్షీ సాబ్ కూడా ఫిర్యాదు చేయగా నేను వినలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి పర్మిషన్ పెట్టి మసీదుకు పోయి, తడి ఆరని గడ్డంతో మళ్లీ ఫైళ్ల ముందు కూర్చునేవాడని మాత్రం నాన్న చెప్పేవాడు.

ఆ ఆదివారాన్ని క్రీస్తు శకం 321లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ సెలవు చేశాడు. మన దేశంలో దాన్ని కూలివాడి హక్కుగా గెలిచింది ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే, బొంబాయి మిల్లుల్లో, 1890 జూన్ 10న. ఆదివారం ఖండోబా రోజు కూడా అని ఆయన వాదన. చర్చిని కూలదోసిన ఫ్రెంచి విప్లవకారులు 1793లో పది రోజుల వారం పెట్టారు, పదేళ్లు గడవకముందే ఆదివారం తిరిగొచ్చింది. సోవియట్లు 1929లో వారాన్నే ముక్కలు చేశారు, 1940లో ఏడు రోజుల వారానికి మళ్లీ దిగారు. దేవుణ్ణి తీసేయడం తేలికైంది, ఆయన విశ్రాంతి రోజును తీసేయడం కుదరలేదు. అంతగా ఒంటికి పట్టినదాన్ని ఎవరిదీ కాదనుకోవడమే సహజం. ఎవరిదీ కాదనుకున్నప్పుడే అది ఎవరి రోజును తోసి ఆ కుర్చీలో కూర్చుందో కనిపించదు. మున్షీ సాబ్ శుక్రవారం కూడా అందరిదీ కాదు. ఆ శుక్రవారాల్లో మా తాతకు ఎందుకు సెలవో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పుకోలేదు. ఎవరికీ చెందని ఏడో రోజు కోసం వెతికితే దొరకదు, ఏదో ఒకటి పెట్టుకుని, మిగతావాళ్లకు జాగా వదలడం ఒక్కటే దారి.

ఆ జాగా దగ్గరే ఇప్పటికీ తగువు. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం ఒక గంట ముందు ఇంటికి పోవచ్చని మన సర్కారు ఏటా ఉత్తర్వు ఇస్తుంది, మతం చూడని ప్రభుత్వం ఇలా ఇవ్వవచ్చా అని ప్రశ్నలు లేస్తాయి, అటు వాదించేవాళ్లూ ఇటు వాదించేవాళ్లూ రాజ్యాంగమే చూపిస్తారు. ఆదివారానికి ఎవరూ ఏటేటా ఉత్తర్వు అడగరు. ఆ వాదనలు రెండువైపులవీ నేను విడవకుండా చదువుతాను, పేపరు తీరిగ్గా చదవడానికి నాకు దొరికేదీ ఆదివారమే.